రక్తం రాలేదుగా, మరి నాన్న ఎందుకు లేవడు? ఐదేళ్ళ పిల్లాడికి మూగదెబ్బ గురించి ఎలా చెప్పాలి?

బుజ్జిగాడి అమ్మ (కాకినాడ) | ఆదివారం రాత్రి 10:20

నమస్కారం అందరికీ. టెన్షన్‌లో రాస్తున్నాను, వరస తప్పితే ఏమీ అనుకోకండి.

నిన్న రాత్రి మావారు బండి మీద ఇంటికొస్తుంటే గేదె అడ్డొచ్చింది. బ్రేక్ వేశారు, బండి జారింది, హ్యాండిల్ చివర ఎడమ డొక్కలో గట్టిగా పొడుచుకుంది. హెల్మెట్ ఉంది గానీ కింద బెల్టు బిగించలేదు, అది ఊడి పక్కన పడింది. నుదుటి మీద పెద్ద బొప్పి కట్టింది. తల స్కాన్‌లో ఏమీ లేదన్నారు. పొట్ట స్కాన్‌లో మాత్రం స్ప్లీన్ (ప్లీహం) చీలిందని, లోపల కొంత రక్తం చేరిందని చెప్పారు. రెండు పక్కటెముకలు చిట్లాయి. ఇప్పటికైతే ఆపరేషన్ లేకుండా, కదలనివ్వకుండా ఐసీయూలో పెట్టి చూస్తున్నారు.

ఆయన్ని డాక్టర్లు చూసుకుంటున్నారు. నా గోల మా ఐదేళ్ళ బాబు గురించి. పొద్దున అత్తయ్యగారు వాడితో "నాన్న ఊరెళ్ళాడు" అన్నారు. మధ్యాహ్నానికల్లా పక్కింటి పిల్లలు అసలు సంగతి చెప్పేశారు. ఇక తప్పదని వీడియో కాల్‌లో చూపించాను. వాడు ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "రక్తం లేదు, కట్టు లేదు, మరి నాన్న ఎందుకు లేవడు?" అన్నాడు. వాడి లెక్కలో రక్తం వస్తేనే దెబ్బ. మోకాలు గీసుకున్నా ఎర్రచుక్క కనబడ్డాకే ఏడుపు మొదలుపెడతాడు.

ఆ తరవాత "రోడ్డుని కొట్టారా?" అని అడిగాడు. వాడు పడ్డప్పుడల్లా మేం నేలని నాలుగు బాది ఊరుకోబెడతాం లెండి.

పైకి కనబడని దెబ్బని ఇంత చిన్నవాడికి ఏమని చెప్పాలి?

సందేహాల సుబ్బారావు (తెనాలి) | ఆదివారం రాత్రి 10:41

ముందు మీవారు త్వరగా కోలుకోవాలమ్మా. నా మాట అడిగితే, ఐదేళ్ళవాడికి స్ప్లీన్లు, స్కాన్లు ఎందుకు? జ్వరం వచ్చింది, డాక్టరు సూది వేస్తున్నాడు అనేస్తే పోలా? తగ్గాక నాన్న ఎలాగూ వస్తాడు.

ఐసీయూ సిస్టర్ (విశాఖ) | ఆదివారం రాత్రి 11:05

సుబ్బారావు గారూ, మా వార్డు బయట ఆ మాట రోజూ వింటాను. జ్వరం అని చెప్పారనుకోండి, వచ్చేవారం వాడికే జ్వరం వస్తే? నేనూ ఐసీయూకి పోవాలి, నాకూ గొట్టాలు పెడతారు అనుకుంటాడు. నిద్రపోతున్నాడు అని చెప్తే రాత్రి పడుకోడానికి భయపడే పిల్లల్ని చూశాను. రేపు వచ్చేస్తాడు అన్న మాట ఇంకా చేటు. ఆ రేపు రాకపోతే మనం ఆ తరవాత ఏం చెప్పినా నమ్మరు.

అక్కా, నాలుగు ముక్కల్లో చెప్పెయ్యండి. "నాన్న బండి మీంచి పడ్డాడు. పొట్ట లోపల దెబ్బ తగిలింది. చర్మం చిరగలేదు కాబట్టి రక్తం బయటికి రాలేదు, లోపలే ఉంది. కదిలితే నొప్పి పుడుతుంది, అందుకే పడుకున్నాడు. డాక్టర్లు రోజూ చూస్తున్నారు." అంతే. తరవాత వాడు అడిగినదానికి మాత్రమే జవాబు. అదే ప్రశ్న పదిసార్లు అడుగుతాడు, పదిసార్లూ అదే జవాబు, అవే మాటల్లో. మీరు మాట మార్చారంటే ఏదో దాస్తున్నారని పట్టేస్తారు. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి, అత్తయ్యగారికి కూడా చెప్పండి.

క్యాజువాల్టీ డాక్టర్ (వరంగల్) | సోమవారం ఉదయం 6:50

నైట్ డ్యూటీ దిగి చూస్తున్నాను. ముందు మీకు అర్థమైతే వాడికి చెప్పడం తేలిక.

కత్తి, గాజు లాంటివి చర్మాన్ని కోస్తాయి. హ్యాండిల్, గోడ, నేల, బంతి, పిడికిలి లాంటివి చర్మాన్ని కొయ్యకుండా నొక్కేస్తాయి. చర్మం సాగుతుంది, తట్టుకుంటుంది. దాని కింద ఉన్న సన్నటి రక్తనాళాలు తట్టుకోలేవు, చిట్లుతాయి. ఆ రక్తం చర్మం కిందే నిలిస్తే కమిలిన మచ్చ, తల మీదైతే బొప్పి. ఇంకా లోతుకి పోతే అవయవాలు. స్ప్లీన్ ఎడమవైపు పక్కటెముకల చాటున పిడికిలంత ఉంటుంది, రక్తంతో నిండి మెత్తగా ఉంటుంది. అందుకే పొట్టకి మొద్దు దెబ్బ తగిలితే మేం ముందు అనుమానించేవాటిలో అదొకటి, లివర్ ఇంకొకటి. బీపీ నిలకడగా ఉంటే చాలామందికి కొయ్యకుండానే నయమవుతుంది. బీపీ, నాడి, హిమోగ్లోబిన్ మళ్ళీ మళ్ళీ చూస్తారు, అవసరమైతే స్కాన్ మళ్ళీ తీస్తారు. పైకి ఏ వైద్యమూ చెయ్యనట్టే ఉంటుంది, అసలు వైద్యం ఆ కాపలానే.

పిల్లాడికి చూపించాలంటే ఒక అరటిపండు తీసుకోండి. బల్ల మీంచి కింద పడెయ్యమనండి. తొక్క చిరగదు. కాసేపాగి ఒలిచి చూపించండి, తగిలినచోట లోపల మెత్తబడి, నల్లబడి ఉంటుంది. చెప్పినదానికంటే చూసింది బాగా ఎక్కుతుంది.

రాజమండ్రి బామ్మ | సోమవారం ఉదయం 7:30

అమ్మాయ్, ధైర్యంగా ఉండు. నుదుటి బొప్పికి కొబ్బరినూనె రాసి గట్టిగా రుద్ది, ఉప్పు కాపడం పెట్టండి, అణిగిపోతుంది. మా పిల్లలందరికీ అదే చేశాం. లోపలి దెబ్బకి పసుపు పాలు.

క్యాజువాల్టీ డాక్టర్ (వరంగల్) | సోమవారం ఉదయం 7:44

బామ్మగారూ, పాలు సరే, అదీ అక్కడి డాక్టర్లు నోటికి ఇవ్వమన్నాకే. రుద్దడం మాత్రం వద్దండీ. చిట్లిన నాళాల్ని రుద్దితే ఇంకాస్త రక్తం కారుతుంది. బొప్పికి మొదటి ఒకటి రెండు రోజులు చల్లదనమే మంచిది, ఐస్‌ని గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టి తియ్యాలి. కాపడం ఆ తరవాతి మాట. పొట్ట దెబ్బకైతే ఏ పట్టూ వద్దు.

బుజ్జిగాడి అమ్మ (కాకినాడ) | సోమవారం మధ్యాహ్నం 2:15

అందరికీ చాలా థాంక్స్. సిస్టర్ గారు రాసిన నాలుగు ముక్కలు కాయితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను, అత్తయ్యగారూ అవే చెప్తున్నారు.

అరటిపండు కూడా చేశాం. డాక్టర్ గారూ, వాడికి బాగా అర్థమైంది, అదే సమస్య. నల్లబడిన ముక్కని వేలితో నొక్కి చూశాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. నేను ఆ పండు చెత్తబుట్టలో వేస్తుంటే, "మరి నాన్నని కూడా పారేస్తారా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు.

అంగన్‌వాడీ టీచర్ (ఖమ్మం) | సోమవారం మధ్యాహ్నం 2:50

అయ్యో తల్లీ. ఇందులో తప్పెవరిదీ కాదు, ఆ వయసు బుర్ర అలాగే పోతుంది. చూపించినదాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుంటారు. పండు దెబ్బ ఎలా తగిలిందో చూపించింది గానీ, నయమవడం చూపించలేదు. అది పండు వల్ల కాదు, ఒంటి వల్లే అవుతుంది.

వాడి కాళ్ళు చూడండి. ఐదేళ్ళ మగపిల్లాడి మోకాళ్ళ కింద, ముంజేతుల మీద ఎక్కడో ఒక కమిలిన మచ్చ ఉండకపోదు. దాన్ని రోజూ చూపించండి. మొదట్లో ఎర్రగానో నీలంగానో ఉంటుంది, తరవాత ఆకుపచ్చ, పసుపు, ఆఖరికి ఏమీ ఉండదు. మా సెంటర్లో పిల్లలు క్రేయాన్లతో రోజుకో గడిలో ఆ మచ్చ రంగు వేస్తారు. "పండు తనని తాను బాగుచేసుకోలేదు, నీ కాలు బాగుచేసుకుంటుంది, నాన్న పొట్ట కూడా బాగుచేసుకుంటుంది, కాకపోతే దెబ్బ పెద్దది, ఎక్కువ రోజులు పడుతుంది." ఇది పనిచేస్తుంది, ఎందుకంటే సాక్ష్యం వాడి కాలి మీదే ఉంది.

క్యాజువాల్టీ డాక్టర్ (వరంగల్) | సోమవారం సాయంత్రం 5:10

టీచర్ గారిది నా సలహా కంటే మేలు. ఆ రంగుల సంగతి పెద్ద పిల్లలు అడిగితే చెప్పడానికి: నిలిచిపోయిన రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఒళ్ళు ముక్కలు చేసి ఏరుకుంటుంది. మధ్యలో వచ్చే బిలివెర్డిన్ ఆకుపచ్చ, దాన్నుంచి వచ్చే బిలిరుబిన్ పసుపు. కామెర్లలో కళ్ళు పచ్చబడేది ఈ బిలిరుబిన్ వల్లే. అయితే రంగు చూసి దెబ్బ తగిలి ఎన్ని రోజులైందో కచ్చితంగా చెప్పలేం, మనిషికీ మనిషికీ, చోటుకీ చోటుకీ మారుతుంది.

బుజ్జిగాడి అమ్మ (కాకినాడ) | సోమవారం రాత్రి 9:35

పిక్క మీద పాత మచ్చ దొరికింది, సైకిల్ పెడల్ తగిలింది. అప్పుడే అంచులు పచ్చగా ఉన్నాయి. వాడే కనిపెట్టి చూపించాడు.

కానీ సాయంత్రం కాల్‌లో ఇంకో గొడవ. ఆయన రెండు కళ్ళ కిందా నల్లగా వచ్చేసింది, నిన్న లేదు. వీడు "రాత్రి నాన్నని ఎవరు కొట్టారు?" అని ఒకటే ఏడుపు. దానికి తోడు పొద్దున ఒక కానిస్టేబుల్ వచ్చి యాక్సిడెంట్ ఎలా జరిగిందో రాసుకెళ్ళారు. వాడికి ఇప్పుడు నాన్న తప్పు చేశాడని, పోలీసులు కొట్టారని గట్టి నమ్మకం. నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు.

క్యాజువాల్టీ డాక్టర్ (వరంగల్) | సోమవారం రాత్రి 10:02

నుదుటి బొప్పిలోని రక్తం మెల్లగా కిందికి జారుతుంది. కళ్ళ చుట్టూ చర్మం పలచన, ఒదులుగా ఉంటుంది, అక్కడ చేరి మర్నాటికో ఆ మర్నాటికో నల్లగా కనబడుతుంది. కొత్త దెబ్బ కాదు. రెండు కళ్ళూ నల్లబడితే పుర్రె అడుగున చిట్లిందేమో అని కూడా చూస్తాం, మీవారికి స్కాన్ అయింది కాబట్టి రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్‌ని ఒక్కసారి అడిగి నిశ్చింతగా ఉండండి.

వాడికి: "ఇది మొన్నటి దెబ్బే. బొప్పి కిందికి జారుతోంది. నీ పిక్క మచ్చలాగే ఇదీ పచ్చబడి పోతుంది."

ఇక పోలీసులు. రోడ్డు ప్రమాదంలో వచ్చిన ప్రతి కేసునీ ఆసుపత్రి మెడికో లీగల్ కేసుగా రాసి స్టేషన్‌కి తెలియజేస్తుంది. అది మామూలే, బీమాకి కూడా ఆ కాగితాలు కావాలి. పిల్లాడితో "ఎలా పడ్డాడో రాసుకోడానికి వచ్చారు, వాళ్ళూ సాయం చేసేవాళ్ళే" అంటే చాలు.

అంగన్‌వాడీ టీచర్ (ఖమ్మం) | సోమవారం రాత్రి 10:30

ఒకటి అడగనా? "రోడ్డుని కొట్టారా", "ఎవరు కొట్టారు", ఇప్పుడు పోలీసు. వాడు మొదట్నుంచీ ఒకటే వెతుకుతున్నాడు, తప్పు ఎవరిదని. నేలని కొట్టి ఊరుకోబెట్టడంతో వచ్చే చిక్కు ఇదే. దెబ్బ తగిలిందంటే ఎవడో ఒకడు కావాలని కొట్టి ఉండాలి, వాడిని తిరిగి కొడితే లెక్క సరి. నాకు ఈ అలవాటంటే మొదట్నుంచీ ఒళ్ళు మంట, బామ్మగారు ఏమనుకున్నా సరే.

నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఆ తప్పు తమ మీద కూడా వేసుకుంటారు. నేను కోప్పడ్డాను కాబట్టి అమ్మకి జ్వరం వచ్చింది, అలా. వాడు నోరు తెరిచి చెప్పడు. "నాన్న పడిపోవడం నీవల్ల కాదు" అని వాడు అడక్కపోయినా చెప్పండి.

రాజమండ్రి బామ్మ | మంగళవారం ఉదయం 6:15

నేను అరవై ఏళ్ళుగా నేలని కొడుతూనే ఉన్నాను టీచరమ్మా, మా పిల్లలెవరూ రౌడీలు కాలేదు. ఆ వయసులో ఏడుపు ఆపడానికి అది ఒక ఆట. అయినా చివరన చెప్పావే, ఆ మాట నిజం. మా చెల్లెలు పోయినప్పుడు నేను దానితో పోట్లాడటం వల్లే అనుకున్నాను చాన్నాళ్ళు. ఎవరూ కాదని చెప్పలేదు.

బుజ్జిగాడి అమ్మ (కాకినాడ) | మంగళవారం మధ్యాహ్నం 1:20

టీచర్ గారూ, అన్నం తినిపిస్తూ చెప్పాను. ముద్ద నోట్లోనే పెట్టుకుని నన్నే చూశాడు. "మరి నేను స్కెచ్ పెన్నులు తెమ్మన్నాను కదా" అన్నాడు. ఆ రాత్రి ఆయన దారిలో షాపు దగ్గర ఆగారు, నిజమే. ఆ పెన్నులు ఆయన బ్యాగులోనే ఉన్నాయి, ఆసుపత్రి వాళ్ళు నాకిచ్చిన సామాన్లతో పాటు. మూడు రోజుల్నుంచీ ఇది మనసులో పెట్టుకుని, ఒక్కసారి కూడా పెన్నులు అడగలేదు.

గేదె అడ్డొచ్చింది, బండి జారింది, పెన్నుల వల్ల కాదు అని చెప్పాను. "గేదెది తప్పా?" అన్నాడు. దానికి చీకట్లో బండి కనబడలేదు నాన్నా, దానిదీ తప్పు కాదు అన్నాను. ఇవాళంతా బొమ్మ బండిని గేదె బొమ్మకి గుద్దించి పడేస్తున్నాడు. ఆపాలా?

అంగన్‌వాడీ టీచర్ (ఖమ్మం) | మంగళవారం మధ్యాహ్నం 1:42

ఆపొద్దు. అది వాడు ఆలోచించే తీరు. పక్కన కూర్చుని, వీలైతే ఆటలోకి 108ని పంపండి. వారాలు గడిచినా తగ్గకుండా పీడకలలు, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, అన్నం ముట్టకపోవడం ఉంటే అప్పుడు పిల్లల మానసిక నిపుణుల్ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఉచితం. మీకోసం కూడా చెయ్యొచ్చు అక్కా.

డల్లాస్ నాన్న | మంగళవారం రాత్రి 8:10

కాస్త పక్క విషయం, ఇక్కడుండే మనవాళ్ళకి పనికొస్తుందని. మా పాపకి పుట్టుకతోనే నడుం కింద నీలం మచ్చలున్నాయి. మన పిల్లల్లో ఇవి మామూలే. డేకేర్‌లో కొత్తగా వచ్చిన ఆవిడ అవి దెబ్బలనుకుని కంగారుపడింది. ఇక్కడ అనుమానం వస్తే పై అధికారులకి తెలియజెయ్యడం వాళ్ళకి చట్టప్రకారం తప్పనిసరి. ఆ మచ్చల సంగతి పిల్లల డాక్టర్ రికార్డులో ముందే ఉండబట్టి తేలిగ్గా తేలిపోయింది. చేర్పించేటప్పుడే రాయించుకోండి.

క్యాజువాల్టీ డాక్టర్ (వరంగల్) | మంగళవారం రాత్రి 9:00

ఆవిడ కంగారుని నేను తప్పుపట్టను. పుట్టుమచ్చ వారాలు గడిచినా రంగు మారదు, కమిలిన మచ్చ మారుతుంది, తేడా అక్కడ తెలుస్తుంది. ఆడుకునే పిల్లలకి దెబ్బలు తగిలేది మోకాళ్ళకి, పిక్కలకి, నుదుటికి. నాలుగేళ్ళలోపు పిల్లలకి చెవుల మీద, మెడ మీద, ఛాతీ, పొట్ట, వీపు మీద మచ్చలుంటే, ఇంకా బోర్లా కూడా పడని పసిబిడ్డకి ఒంటి మీద ఎక్కడైనా కమిలి ఉంటే, మేం గట్టిగా ఆరా తీస్తాం. రక్తం గడ్డకట్టని జబ్బులూ ఉంటాయి, అవీ చూడాలి. ఎవరైనా పిల్లల్ని కొడుతున్నారని అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

సందేహాల సుబ్బారావు (తెనాలి) | మంగళవారం రాత్రి 9:25

డాక్టర్ గారూ, నాదీ ఒకటి. మా మనవరాలు మంచం మీంచి రెండుసార్లు పడింది. ఏడ్చి ఊరుకుంది. ఎప్పుడు పరిగెత్తాలి?

క్యాజువాల్టీ డాక్టర్ (వరంగల్) | మంగళవారం రాత్రి 9:48

స్పృహ తప్పినా, పదేపదే వాంతులైనా, లేపితే సరిగ్గా లేవకుండా మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ముక్కు చెవుల్లోంచి రక్తమో నీళ్ళలాంటిదో కారినా, కంటి పాపలు ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా ఉన్నా, ఏడుపు ఎంతకీ ఆగకపోయినా వెంటనే రావాలి. ఏడాది లోపు పసివాళ్ళయితే తల దెబ్బకి ఒకసారి చూపించడమే మేలు.

తల గురించి అందరూ జాగ్రత్తపడతారు. పొట్ట గురించే పట్టించుకోరు. పిల్లలు సైకిల్ మీంచి పడితే హ్యాండిల్ చివర పొట్టలో పొడుచుకుంటుంది. పైన చిన్న గుండ్రటి ముద్ర, ఒక్కోసారి అదీ ఉండదు. వాళ్ళ పక్కటెముకలు మెత్తన, వంగుతాయి గానీ విరగవు, దెబ్బంతా లోపలికి పోతుంది. పాంక్రియాస్ (క్లోమం), పేగులు నలిగితే ఆ నొప్పి మర్నాడు తెలియొచ్చు. పడ్డ తరవాత పొట్ట నొప్పి, వాంతులు, తిండి వద్దనడం, భుజం నొప్పి అంటే గ్యాస్ అని సోడా తాగించకండి. పిల్లలకి నేర్పాల్సిందీ ఇదే: రక్తం రాకపోయినా నొప్పి ఉంటే చెప్పాలి, తిట్టం.

బుజ్జిగాడి అమ్మ (కాకినాడ) | గురువారం సాయంత్రం 6:30

ఆయన్ని వార్డుకి మార్చారు! రక్తం నిలకడగా ఉందట. రేపు బాబుని తీసుకురావచ్చన్నారు. కళ్ళు ఇంకా నల్లగానే ఉన్నాయి, చేతికి సెలైన్. చూసి జడుసుకుంటాడేమో.

ఐసీయూ సిస్టర్ (విశాఖ) | గురువారం సాయంత్రం 7:00

హమ్మయ్య! ముందు ఇవాళే ఫోటో తీసి రాత్రి చూపించండి. ఏది ఎందుకో చెప్పండి, ఈ గొట్టంలోంచి మందు వెళ్తుంది, ఈ మిషన్ కూస్తే నాన్నకేదో అయిందని కాదు. లోపలికి రానంటే బలవంతం వద్దు, గుమ్మం దగ్గర్నుంచి చెయ్యి ఊపి వెళ్ళినా చాలు. ఎక్కడ ముట్టుకోవచ్చో ముందే చెప్పండి, "చెయ్యి పట్టుకోవచ్చు, పొట్ట మీద ఎక్కకూడదు." ఊరికే నిలబెట్టకుండా ఏదో పని ఇవ్వండి, నీళ్ళ సీసా అందించడమైనా సరే. పదినిమిషాలు చాలు.

బుజ్జిగాడి అమ్మ (కాకినాడ) | శుక్రవారం రాత్రి 9:15

వెళ్ళొచ్చాం. స్కెచ్ పెన్నుల ప్యాకెట్ వాడే పట్టుకొచ్చాడు. ముందు గుమ్మం దగ్గరే ఆగాడు. ఆయన పిలిస్తే వెళ్ళి కళ్ళ కింద దగ్గరగా చూసి, "ఇక్కడ పచ్చ వచ్చింది" అని మాకు చూపించాడు. పక్క మంచం ఆయనక్కూడా వివరించాడు, లోపల దెబ్బ, రక్తం బయటికి రాదు అని. ఆయనకి కాలు విరిగింది, అయినా ఓపిగ్గా విన్నారు పాపం.

డాక్టర్ గారూ, ఇంటికొచ్చాక ఎన్నాళ్ళు వీణ్ణి ఆయన మీద ఎక్కనివ్వకూడదు?

క్యాజువాల్టీ డాక్టర్ (వరంగల్) | శుక్రవారం రాత్రి 9:40

చీలిక ఎంతన్నదాన్ని బట్టి వారాల నుంచి నెలల దాకా ఉంటుంది, డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. బరువులు ఎత్తడం, కుస్తీలు, బండి నడపడం వాళ్ళు సరే అనేదాకా వద్దు. ఇంటికొచ్చాక కళ్ళు తిరిగినా, పొట్ట నొప్పి పెరిగినా, ఎడమ భుజం లాగినా ఆలస్యం చెయ్యకుండా వెనక్కి రావాలి.

సందేహాల సుబ్బారావు (తెనాలి) | శుక్రవారం రాత్రి 9:58

చాలా సంతోషం తల్లీ. ఆఖరి సందేహం. మనవరాల్ని స్కూటీ మీద తిప్పుతుంటాను, మూడేళ్ళు. హెల్మెట్ ఉండాలా?

క్యాజువాల్టీ డాక్టర్ (వరంగల్) | శుక్రవారం రాత్రి 10:11

ఉండాలి సుబ్బారావు గారూ. 2023 ఫిబ్రవరి నుంచి రూలు అమల్లో ఉంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ పిల్లలకి తలకి సరిపోయే హెల్మెట్, సైకిల్ హెల్మెట్ అయినా పర్లేదు. నాలుగేళ్ళలోపు వాళ్ళందరికీ నడిపేవాళ్ళ నడుముకి కలిపే బెల్టు, బండి 40 దాటకూడదు. నాలుగేళ్ళు దాటితే పెద్దల్లాగే మామూలు హెల్మెట్. టేపు తీసుకుని కనుబొమలకి కాస్త పైన తల చుట్టుకొలత చూసుకుని షాపుకి వెళ్ళండి. పెట్టాక తల ఊపితే హెల్మెట్ కదలకూడదు. గడ్డం కింద బెల్టు బిగించండి, వేలు దూరేంత ఒదులుంటే చాలు.